మంచుకు ఇసుక టైర్లు

నేను పుట్టింది కడప జిల్లాలో, వాన పడితే జనం వీధిలోకొచ్చి చూసే ఊళ్ళో. అలాంటిదాన్ని, మంచులో నడిచే కారుకు ఏ టైర్లు వేయాలన్న గొడవలో ఇరుక్కుంటానని ఎవరైనా చెప్పి ఉంటే, పని చూసుకో పొమ్మనేదాన్ని. కానీ ఇరుక్కున్నాను, అదీ కువైత్‌లో. డెబ్బైల చివర్లో అక్కడ ఒకరింట్లో చంటిపిల్లను చూసుకునే పనిలో ఉండేదాన్ని.

ఆ ఇంటావిడది కువైత్ కాదు. టర్కీలో, తూర్పున కొండల మీద ఉండే చిన్న ఊరు. పెళ్ళి చేసుకుని ఎడారికి వచ్చింది. అందరు పనిమనుషుల్లాగే నేనూ ఆమెను అమ్మ అనే అర్థంలో మామా అనేదాన్ని, ఆమె భర్తను బాబా అనేదాన్ని. ఒక చలికాలం ఆమె తల్లికి బాగా లేదని, వెంటనే రమ్మని టెలిగ్రాం వచ్చింది. మామా వంటింట్లో నేల మీదే కూలబడింది. "ప్రాణంతో ఉండగా చూస్తానంటావా?" అని నన్నడిగింది. మంచినీళ్ళిచ్చాను.

విమానం దిగాక కూడా ఆ ఊరు చాలా దూరమట. మంచు పడితే బస్సులు నడవవట. అందుకని కారులోనే, ఇరాక్ మీదుగా వెళ్దామన్నాడు బాబా. ఆయన చెడ్డవాడు కాదు. భార్య ఏడిస్తే చూడలేడు. కొత్త టైర్లు వేయించాలని డ్రైవరుకు కబురు పెట్టాడు.

డ్రైవరు కోనసీమ మనిషి. ఖైతాన్‌లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. అతను వచ్చేలోపు మామా నాతో మెల్లగా అంది. "మా ఊళ్ళో సన్న టైర్లు వేస్తారు. వెడల్పువి మంచు మీద తేలిపోతాయి. కొండ ఎక్కేటప్పుడు చక్రాలకు గొలుసులు కడతారు. మా నాన్న లారీ నడిపేవాడు. గొలుసులు నేనే అందించేదాన్ని."

"మరి బాబాకు చెప్పు మామా."

"చెప్పాను. నవ్వి నా తల నిమిరాడు."

నాకు ఒళ్ళు మండింది. డ్రైవరు గేటు దగ్గరికి రాగానే ఎదురెళ్ళాను. "అన్నా, సన్న టైర్లే కావాలంట. గొలుసులు గూడా కట్టాలంట. మామా చెప్తే ఆయప్ప నవ్వినాడు. నువ్వన్నా చెప్పు."

"సన్నయ్యే మంచియ్యి చెల్లెమ్మా. మా వైపు బురదలో రబ్బరు టైర్ల బండి జారిపోద్ది. ఇనప పట్టా చక్రమైతే బురద కోసుకుని అడుగునున్న గట్టి నేల పట్టుకుంటది. పైగా ఎడల్పు టైరు పెట్రోలు తాగేత్తది. టర్కీలో పెట్రోలు దొరకటం కష్టంగా ఉందంట, లారీవోళ్ళు చెప్తన్నారు."

"నాకెందుకు చెప్తావు ఇవన్నీ? ఆయనకు చెప్పు."

"చెప్తాలేమ్మా, కంగారుపడకు."

అల్ రాయ్‌లో టైర్ల కొట్టు ముందు కారు ఆపారు. మగవాళ్ళిద్దరూ దిగారు. మామా, ఒళ్ళో పిల్లతో నేను వెనక సీట్లోనే ఉన్నాం. అద్దం దించి ఉంది, అన్నీ వినబడుతున్నాయి.

బాబాకు చలికాలం వస్తే ఎడారిలో డేరా వేయడం పిచ్చి. మెత్తటి ఇసుకలోకి దిగేముందు టైర్లలో సగం గాలి తీసేస్తాడు. టైరు పరుచుకుని ఇసుక మీద నడుస్తుంది. ఆ విద్యలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. తిన్నగా వెళ్ళి, అన్నిటికన్నా వెడల్పు టైరు మీద చెయ్యి వేశాడు. డ్రైవరు నసుగుతూనే సన్న టైర్ల మాట, గొలుసుల మాట, పెట్రోలు మాట చెప్పాడు.

"నువ్వెప్పుడైనా మంచు చూశావా?" అన్నాడు బాబా.

"లేదు బాబా."

"మరింకేం? కాలు దిగబడే నేల ఏదైనా ఒకటే. నేను ఇసుకలో పుట్టినవాణ్ణి. పెట్రోలంటావా, నీళ్ళకన్నా చవక. రెండు డబ్బాలు డిక్కీలో పెట్టుకుందాం. ఖలాస్."

మంచులో పుట్టిన మనిషి నాలుగడుగుల దూరంలో, కారులోనే కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. నేను మామా వైపు చూశాను. ఆమె పిల్ల టోపీ సర్దుతోంది.

ఇరాక్ అంతా దారి బాగానే సాగింది. టర్కీ సరిహద్దుకు ముందు ట్యాంకూ డబ్బాలూ నింపారు. దాటాక మొదటి బంకులో పెట్రోలు లేదు. రెండోదాని ముందు బళ్ళు బారులు తీరి ఉన్నాయి, పంపు దగ్గర మనిషే లేడు. ఆగకుండా కొండల్లోకి పోయాం.

మంచు మొదలయ్యాక ఒక ఎత్తు దగ్గర కారు జారింది. బాబా ఉత్సాహంగా దిగి, నాలుగు టైర్లలోనూ తన చేత్తోనే గాలి తీశాడు. నిజం చెప్పాలి, కారు ఎక్కింది. బాబా చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. మామా కూడా నవ్వింది. అనవసరంగా తిట్టుకున్నానే అనిపించింది నాకు.

ఇంకా పైకి పోయాక మంచు మెత్తగా లేదు. బళ్ళు తొక్కీ తొక్కీ గచ్చులా చేశాయి. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. డ్రైవరు ముందుకు చూస్తూనే తెలుగులో అన్నాడు. "పెట్రోలు ముల్లు పడిపోతంది చెల్లెమ్మా. కదిలేది జానెడు, తాగేది చెంబెడు."

"మళ్ళా గాలన్నా కొట్టమను అన్నా."

అతను అడిగాడు. గాలి కొడితే ఇంకా జారుతుందన్నాడు బాబా. డబ్బాలు రెండూ ఖాళీ అయ్యాయి. మధ్యాహ్నం దాటాక ఇంజను ఆగిపోయింది.

"ఆ కొండ దాటితే మా ఊరే" అంది మామా. తలుపు తీసుకుని, ఇంట్లో తొడుక్కునే పల్చటి చెప్పులతోనే నడక మొదలుపెట్టింది. బాబా పరుగెత్తి పట్టుకున్నాడు. ఆమె గింజుకుంది. అంత పెద్ద కేక ఆమె గొంతులో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

దారి పక్క ఒక పశువుల కాపరి గుడిసెలో రాత్రి గడిపాం. పొద్దున్నే ఒక లారీ వచ్చింది, చక్రాలకు గొలుసులు చుట్టుకుని. మా కారును తాడు కట్టి లాగింది. దాని డ్రైవరు మా టైర్లు చూసి మామాతో ఏదో అన్నాడు. మామా మాకు చెప్పలేదు.

ఇంటి ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. ముందురోజు సాయంత్రమే ఖననం అయిపోయింది. మేం కొండకు అవతలి వైపు ఆగిపోయి కూర్చున్న వేళ. మామా అక్క ఆమె భుజాలు పట్టుకుని ఊపేస్తూ ఏడుస్తూ ఏదో అడిగింది. మామా రెండు ముక్కల్లో జవాబిచ్చింది.

"ఏమంటోంది?" అన్నాడు బాబా. ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

"ఎందుకింత ఆలస్యమని. దారి మూసుకుపోయిందని చెప్పాను."

"అవును పాపం, దారి ఘోరంగా ఉంది" అన్నాడాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు.

డ్రైవరు తల దించుకున్నాడు. నేను మాత్రం వచ్చిన అరబ్బీ ముక్కలు కూడగట్టుకుని, దారి కాదు బాబా, నీ టైర్లు అందామని నోరు తెరిచాను. మామా నన్ను చూసింది. వద్దన్నట్టు తల ఊపింది. అమ్మ ముఖం ఆఖరిసారి చూసుకోలేకపోయిన రోజున కూడా, ఆయన మనసు నొచ్చుకోకుండా చూసే పని ఆమెదే అయింది.