రాక్షసుడి మట్టి

తిరుపతిలో రంగస్థల కళలు చదివిన ఆ రెండేళ్లూ నాకు సరిగ్గా అన్నం సయించలేదు. నాటకం ముందు భయం, నాటకం అయ్యాక భయం, ఇంటికి ఫోన్ చేయాలంటే మరీ భయం. మా ఊరు వడమాలపేట దగ్గర. బస్సెక్కితే గంట కూడా పట్టదు. అయినా నెలకొకసారి వెళ్లడానికే కాళ్లు కదిలేవి కావు. వెళ్లిన ప్రతిసారీ నాయన ఒకటే అడిగేవాడు.

"ఇంగ ఎన్నాళ్లు మే ఈ ఆటలు?"

నాయన వరి, చెరుకు, వేరుశెనగ పండిస్తాడు. ఆటలంటే గిట్టని మనిషైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఎండాకాలంలో మా ఊళ్లో అమ్మోరి గుడి ముందర రోజుల తరబడి భారతం పెడితే పగలు హరికథ, రాత్రి వేషాలు, ఒక్కటీ వదలడు. చిన్నప్పుడు నేను చాప మీద నిద్రపోతే, మంచి ఘట్టం రాగానే చెవి మెలిపెట్టి లేపేవాడు. నాకీ పిచ్చి అంటించింది ఆయనే. ఆ మాట అంటే మాత్రం ఒప్పుకోడు.

"అది అమ్మోరి కోసం ఆడేది. నువ్వు ఎవురి కోసం ఆడిస్తావు?" అన్నాడొకసారి. తిరుగు బస్సులో దారి పొడవునా జవాబు వెతుక్కుంటూ పోయాను.

చివరి పరీక్ష కింద పిల్లలతో ఒక నాటకం చేయించి చూపించాలి. నేను మా ఊరి బడిపిల్లల్నే ఎంచుకున్నాను. ధైర్యం ఉండి కాదు. భయపడుతూ బతకడం కంటే నాయన కళ్లముందే ఏదో ఒకటి తేలిపోతే మేలనిపించింది. ఆయనా అందుకు తగ్గ షరతే పెట్టాడు.

"ఈ ఒక్కటీ సూస్తా. నాకు పట్టకుంటే ఇంగ ఆటల మాట ఎత్తకూడదు, బి.ఎడ్.లో చేరాల. సరేనా?"

సరేనన్నాను.

కథ నేను అల్లిందే. ఊళ్లోని నీళ్లన్నీ తాగేసి ఒక రాక్షసుడు వెల్లకిలా పడుకుంటాడు. కప్పలు, కొంగలు, చీమలు వచ్చి వాడిని బతిమాలతాయి, తిడతాయి, ఏడుస్తాయి. వాడు కదలడు. చివరకు అన్నిటికన్నా చిన్న కప్ప కర్రతో వాడి పొట్ట పొడుస్తుంది. నీళ్లు బయటికి వస్తాయి. రాక్షసుడి వేషం ఎవరికీ వేయకుండా, బడి ముందర నేల మీద మట్టితో పెద్ద బొమ్మ చేసి, దాని పొట్టలో నీళ్లకుండ పాతిపెట్టాలనుకున్నాను. ఆ ఆలోచన నా బుర్రలోనే పుట్టిందని తెగ మురిసిపోయాను.

చెరువు మట్టి ఒక ట్రాక్టరు తోలించమని నాయనను అడిగాను.

"బొమ్మకు ట్రాక్టరా? నాకు యాడ తీరతాది?" అని తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు. పిల్లలూ నేనూ బేసిన్లతో మోసుకున్నాం. బొమ్మ పూర్తయ్యేసరికి నా నడుము వంగిపోయింది.

పిల్లల దగ్గర మాత్రం నా భయం కాసేపు పక్కకు పోయేది. చీమ వేషం వేసే పిల్లవాడు ఒకరోజు నాటకం ఆపేసి, "అక్కా, చీమకు ఏడుపొస్తే నీళ్లు కారతాయా?" అని అడిగాడు. మిగతావాళ్లు నవ్వలేదు. అందరూ కూర్చుని నిజంగా ఆలోచించారు. చీమ ఏడుపు గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించే చోటు నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? దీన్ని వదిలి నేను బతకలేననిపించింది. వెంటనే షరతు గుర్తొచ్చింది.

పరీక్షకు మార్కులేసే మా సార్ తిరుపతి నుంచి ఆదివారం వస్తానన్నారు. ముందురోజు సాయంత్రం ఊరివాళ్లకు ఒకసారి ఆడి చూపిద్దామనుకున్నాం. ఆ రోజంతా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మబ్బు పడితే బొమ్మ కరిగిపోతుందేమో. ఎండ ఎక్కువైతే పగుళ్లిస్తుందేమో. చిన్న కప్ప మరీ పెద్ద దిగులు. రెండో తరగతి పిల్ల, కర్ర ఎత్తగానే కిలకిలా నవ్వేసేది. రాక్షసుడి ముక్కు చూస్తే నవ్వొస్తుందట. ఆ ముక్కు నేనే చేశాను, కాస్త పెద్దదే వచ్చింది.

నాటకం మొదలైంది. నాయన అందరికన్నా వెనక, బడి ప్రహరీకి ఆనుకుని నిలబడ్డాడు. నేను పిల్లల్ని చూడలేదు, ఆయన ముఖమే చూశాను. అందులో ఏమీ కనిపించలేదు. ఒక కొంగ మాట మరిచిపోయి పక్క కొంగను గిల్లింది. జనం నవ్వారు, నాయన నవ్వలేదు. చీమ ఏడ్చింది. ఆడవాళ్లు అయ్యో అన్నారు, నాయన తువ్వాలు ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాడు. అయిపోయింది, బి.ఎడ్.లో చేరడమే అనుకున్నాను.

చిన్న కప్ప కర్ర ఎత్తింది. నవ్వలేదు. పళ్లు బిగపట్టి ఒక్క పోటు పొడిచింది. కుండ పగిలి నీళ్లు బుడబుడా బయటికి వచ్చాయి.

అంతలో ముందు వరుసలోంచి ఒక అవ్వ లేచి, చెప్పులు విడిచి, బొమ్మ దగ్గరికి వచ్చింది. పొట్ట దగ్గరి తడిమట్టి ఒక ముద్ద తీసి కళ్లకద్దుకుని కొంగులో కట్టుకుంది.

నాకప్పుడు వెలిగింది. భారతం చివరి రోజున మా ఊళ్లో దుర్యోధనుడి బొమ్మను ఇలాగే నేల మీద మట్టితో చేస్తారు. భీముడు తొడ మీద కొడితే, లోపల దాచిన కుండ పగిలి ఎర్రనీళ్లు కారతాయి. ఆ మట్టి తెచ్చి గాదెలో వేస్తే గింజకు కొదవుండదని అందరూ ముద్దలు ముద్దలుగా తీసుకుపోతారు. నా బుర్రలో పుట్టిందనుకున్నది పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఊరు దాన్ని చూడగానే గుర్తుపట్టింది.

"అవ్వా, ఇది భారతం కాదు, పిల్లోళ్ల ఆట. రేపు మళ్లీ ఆడాల," అని అడ్డం పడ్డాను.

"ఏ ఆటైతే ఏమి పాపా, వాడు సచ్చినాడు గదా," అంది అవ్వ.

అంతే, జనం ఎగబడ్డారు. ఒకరు చెయ్యి, ఒకరు కాలు. తల ఎటు పోయిందో తెలియలేదు. చిన్న కప్ప కూడా గౌను నిండా నింపుకుంది. నేను అరిచిన అరుపు నాకే వినబడలేదు. రేపు సార్ వస్తే ఏం చూపించాలి? ప్రహరీ వైపు చూశాను. నాయన లేడు.

ఇంటికి వచ్చి గడప మీద కూలబడ్డాను. ఊరి ముందర పరువు పోయిందని ఆయన ఎటో వెళ్లిపోయి ఉంటాడు. అమ్మ ఇచ్చిన కాఫీ గడప మీదే చల్లారిపోయింది. చదువు, నాటకం, చీమలు, అన్నీ ఆ మట్టితోపాటే పోయాయని ఏడుపొచ్చింది.

చీకటి పడే వేళకు నాయన వచ్చాడు. నన్ను చూడకుండా నేరుగా వడ్ల గాదె ఉన్న గదిలోకి పోయాడు. గాదె మూత తీసిన చప్పుడైంది. వెళ్లి చూశాను. తువ్వాలు ముడి విప్పి, ఒక మట్టిముద్దను రెండు చేతులతో వడ్ల మీద పెడుతున్నాడు. అది రాక్షసుడి ముక్కు.

"మీ సారు రేపు ఎప్పుడొచ్చేది?" అన్నాడు, మూత వేస్తూ.

"పదకొండుకు."

"మట్టికి ట్రాక్టరాయనకు సెప్పొచ్చినాను. తెల్లారేసరికి తోల్తాడు."

"అంత పొద్దున పిల్లోళ్లు లేస్తారో లేదో నాయనా," అన్నాను. నా భయం నాది.

"లేపే పని నాకిడ్సిపెట్టు," అన్నాడు నాయన.