పానకంలో మందు

నేను మానసిక వైద్యశాలలో నర్సునని చెప్పగానే చాలామంది ముందు నా మొహంలోకి పరీక్షగా చూస్తారు. ఆ తర్వాత, "భయం వెయ్యదా?" అని అడుగుతారు. మా పెద్దమ్మైతే ఇప్పటికీ చుట్టాల దగ్గర "విజయవాడలో సిస్టరు" అని చెప్పి ఊరుకుంటుంది. ఏ ఆసుపత్రో ఎవరైనా అడిగితే కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళిపోతుంది. భయం మాట అలా ఉంచితే, ఇన్నేళ్ళ నుంచీ ఈ ఉద్యోగంలో నన్ను వదలకుండా పట్టుకున్నది అయోమయం. అనుభవం పెరిగితే తగ్గుతుందనుకున్నాను. తగ్గకపోగా, దానికీ అనుభవం వచ్చింది.

నర్సింగు చదివేటప్పుడు మా మేడం ఈ సబ్జెక్టును చరిత్రతో మొదలుపెట్టారు. ఒకప్పుడు ఇలాంటి చోట్ల నర్సులు కాదు, కాపలావాళ్ళు ఉండేవాళ్ళట. నడుముకు తాళాల గుత్తి, చేతిలో కర్ర. రోగిని కట్టెయ్యడం, చన్నీళ్ళు గుమ్మరించడం, గదిలో పెట్టి గడియ వెయ్యడం, ఇదే వైద్యం. తర్వాత కరెంటు వైద్యం వచ్చింది. ఆ తర్వాత మాత్రలొచ్చాయి. మాత్రలొచ్చాక రోగులు కుదురుగా కూర్చుని మాట్లాడగలిగారు, మాట్లాడేవాళ్ళు ఉన్నాక వినేవాళ్ళు కావలసివచ్చారు. "అలా పుట్టిందమ్మా మన ఉద్యోగం. రోగికి మీ మీద నమ్మకం ఉంటే మీరు నర్సులు. అది పోయిందా, మీరు మళ్ళీ ఆ కాపలావాళ్ళే" అనేవారు మేడం.

ఆవిడ చెప్పిన ఇంకో సూత్రం నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఎవరో తనను చంపాలని చూస్తున్నారని రోగి అంటే ఔననకూడదు, కాదని వాదించకూడదు. "మీకు చాలా భయంగా ఉన్నట్టుంది" అనాలి. అటు అబద్ధమూ కాదు, ఇటు తగువూ లేదు. ఇప్పుడు మా వార్డుకు శిక్షణకొచ్చే పిల్లలకు ఆ ముక్క నేనే చెబుతున్నాను. వాళ్ళు బుద్ధిగా రాసుకుంటారు. చీరల కొట్టావిడ ఒకావిడ మా ఆసుపత్రికి వచ్చేదాకా నాకు కూడా ఆ సూత్రంలో ఏ లోటూ కనబడలేదు.

ఆవిడకీ, ఆవిడ భర్తకీ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో మంగళగిరి చీరల కొట్టుంది. కొన్నాళ్ళుగా ఆవిడకు తన తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారని అనుమానం. ముందు వంటమనిషి మీద, ఆవిణ్ణి మానిపించేశాక ఆడపడుచు మీద, చివరికి భర్త మీద. తన చేత్తో ఒలుచుకున్న అరటిపండు, తనే ఉడకబెట్టుకున్న గుడ్డు తప్ప ఇంకేదీ తినేది కాదు. మనిషి సగమైపోయింది. నీరసానికి చూపిద్దామని చెప్పి ఆయన మా దగ్గరికి తీసుకొచ్చాడు. ఆవిడ గుమ్మంలో బోర్డు చదివి, డాక్టరు గారి ముందు నిమిషం కూర్చోకుండానే లేచి బయటికి నడిచింది. నేను వెనకాలే మెట్ల దాకా వెళ్ళాను.

"నువ్వూ వీళ్ళ మనిషివేగా. నీక్కూడా ముట్టిందా?" అని నన్ను ఎగాదిగా చూసి దిగిపోయింది.

తర్వాత ఆయనొక్కడే వచ్చాడు. బలవంతంగానైనా చేర్పించవచ్చని డాక్టరు గారు అంటే తల అడ్డంగా ఊపాడు. "రెక్క పట్టుకుని లాక్కొస్తే ఇంక ఈ జన్మలో నన్ను నమ్మదండీ" అన్నాడు. మరి మిగిలిందేమిటి? రంగూ వాసనా లేని చుక్కల మందు. తాగే వాటిల్లో కలిపి ఇవ్వమన్నారు డాక్టరు గారు. రోగికి చెప్పకుండా అలా ఇవ్వకూడదని పుస్తకాలంటాయి, చట్టమూ అంటుంది, అది ఆయనకూ తెలుసు. "కొంచెం తేరుకోగానే మనమే చెప్పేద్దాం. ముందు మనిషి బతకాలిగా" అన్నారు. అదీ నిజమే. తిండిలో ఏదో కలుపుతున్నారనే భయానికి వైద్యం ఏమిటయ్యా అంటే, తిండిలో మందు కలపడం. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది, రెండూ మింగి వరండాలోకి వచ్చాను.

ఆయన అక్కడే చీటీ పట్టుకుని నిలబడున్నాడు. ఎలా కలపాలో చెప్పడం నా పని.

"ఆవిడ అనుమానం లేకుండా తాగేది ఏదన్నా ఉందాండీ?" అని అడిగాను.

చాలాసేపు ఆలోచించాడు. "ఒక్కటే ఉంది సిస్టర్. మంగళగిరి కొండ మీది పానకం."

అక్కడ స్వామి నోట్లో పానకం పోస్తారు. సగం ఆయన తాగి సగం భక్తులకు వదిలేస్తాడని నమ్మకం. ఆ మిగిలిందే ప్రసాదం. నేత బట్ట కోసం ఈయన ఎలాగూ మంగళగిరి వెళ్తూ ఉంటాడు. వెళ్ళినప్పుడల్లా కొండెక్కి ఒక సీసాలో తెచ్చేవాడట. అన్నం ముట్టని మనిషి ఆ పానకం మాత్రం కళ్ళకద్దుకుని తాగుతుందట.

ఆ మాట చెప్పి గొంతు తగ్గించాడు. "అందులో కలపొచ్చంటారా? పాపం కదూ?"

"నన్నడుగుతారేంటండీ, మేం చర్చికి వెళ్ళేవాళ్ళం" అన్నాను.

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. మావాళ్ళనడిగితే కొడతారు."

నా పాపాల లెక్కే నాకు సరిగ్గా తెలీదు, ఇంకొకరి ప్రసాదం సంగతి నేనేం చెప్పను? బెల్లం నీళ్ళల్లో మందు చెడిపోదు కదా అని డాక్టరు గారిని కనుక్కుని, ఫరవాలేదట అని చెప్పాను. పాపం సంగతి ఆయనా మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మందు పనిచేసింది. ఆయన అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు. ఈరోజు పప్పన్నం తిందండీ. ఈరోజు కొట్లో కూర్చుందండీ. ఈరోజు నేను పెట్టిన కాఫీ తాగిందండీ. కాఫీ మాట రెండుసార్లు చెప్పాడు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి రోజూ కొండకు తిరుగుతున్నాడని, వెళ్ళలేని రోజు ఇంట్లోనే బెల్లం, మిరియాలు వేసి చేసుకోండి, మందు మాత్రం ఆపకండి అన్నాను.

"లేదమ్మా. మందు విషయంలో ఎలాగూ మోసం చేస్తున్నా. పానకమన్నా నిజంది కావాలి" అన్నాడు.

ఏం మనిషిరా బాబూ అని విసుక్కున్నాను. ఆ పూటంతా ఆ మాటే చెవిలో తిరిగింది.

ఎప్పుడు చెబుదామని డాక్టరు గారిని అడిగితే "ఇంకొన్నాళ్ళు" అనేవారు. ఈయన్నడిగితే "అసలు చెప్పకండి సిస్టర్" అనేవాడు. నాకు రెండు వైపులా గొయ్యే కనబడేది. తెలిస్తే ఆవిడ ఇక జన్మలో భర్త చేతి ముద్ద ముట్టకపోవచ్చు. తెలియకపోతే, అంతా స్వామి దయే అనుకుని ఒకరోజు హాయిగా పానకం మానేస్తుంది, దాంతో మందూ ఆగుతుంది, మళ్ళీ అరటిపండూ గుడ్డూ మిగులుతాయి.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున ఆవిడే మా ఓపీకి నడిచి వచ్చింది. ఒళ్ళు చేసింది, తల్లో కనకాంబరాలున్నాయి. వెనకాల ఆయన, మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నన్ను గుర్తుపట్టారా సిస్టర్ గారూ? ఆ రోజు మెట్ల మీద మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. ఏమీ అనుకోకండి" అంది.

కూర్చోమన్నాను. కూర్చుని భర్త వైపు చూసింది. "ఈయన్నీ అన్నాను. అన్నంలో ఏదో కలుపుతున్నాడని ఊరంతా చెప్పాను. ఆయనేమో పాపం, నా కోసం ఆ మోకాళ్ళతో కొండెక్కాడు. ఈరోజు మీ ముందే ఈయన్ని క్షమించమని అడుగుదామని వచ్చా."

ఆయన నేల చూపులు చూస్తున్నాడు. నేను గోడ గడియారం చూశాను, కిటికీ చూశాను, ఎక్కడ చూడాలో తెలియక బల్ల మీద కాయితాలు సర్దాను.

ఆవిడ సంచీలోంచి సీసా తీసింది. "ఈరోజుది తాగకుండా మీకోసం ఉంచాను" అంటూ మూత తీసి, మంచినీళ్ళ డబ్బా పక్కనున్న కాయితం కప్పులో పోసి నా చేతిలో పెట్టింది. నా మెళ్ళో శిలువ చూసింది. "చర్చికి వెళ్ళేవాళ్ళు ప్రసాదం ముట్టరంటారు. మీకు అభ్యంతరమైతే వద్దు లెండి."

చక్కటి దారి ఆవిడే చూపించింది. "అవునండీ, మేం ముట్టం" అంటే అయిపోయేది. కానీ నేను ముడతాను. పక్కింటి పులిహోర వద్దన్న రోజు నా జీవితంలో లేదు. పోనీ తాగేద్దామా? గుక్కెడు మందుకు నాకేం కాదు. కానీ అది ఆవిడ ఈరోజు మందు, ఆవిడ లోపలికి వెళ్ళాల్సింది. తాగితే ఒక అబద్ధం, తాగకపోతే ఇంకో అబద్ధం. కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"ఏం సిస్టర్ గారూ, అందులో ఏమైనా ఉందా?"

మీకు చాలా భయంగా ఉన్నట్టుంది. ఆ వాక్యం నాలుక చివరికి వచ్చి నిలబడింది. నాకు సిగ్గేసింది. ఆవిడ భయపడటం లేదు, అడుగుతోంది.

"ఉందండీ. మందుంది. డాక్టరు గారు రాశారు, ఎలా ఇవ్వాలో నేను చెప్పాను, మీవారు కలిపారు."

అది ధైర్యమో తెలివితక్కువతనమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. "నన్ను పిలిస్తే పోయేదిగా" అని డాక్టరు గారు తర్వాత చీవాట్లు పెట్టారు. పెట్టాల్సిందే.

ఆవిడ అరవలేదు. "ఎప్పట్నుంచి?" అని భర్తనడిగింది.

"నువ్వు అన్నం పూర్తిగా మానేశాక" అన్నాడు.

"కొండెక్కింది నిజమేనా? అదీ ఉత్తిదేనా?"

"ఎక్కాను."

"అయితే నేనన్నది నిజమేగా" అంది ఆవిడ.

"లేదండీ. మీరు అన్నప్పుడు ఎవ్వరూ ఏమీ కలపలేదు. ఇది ఆ తర్వాత. మీ భయం తగ్గడానికే ఈ మందు" అన్నాను. అంటుంటే ఆ మాటలు నాకే ఎలాగో వినబడ్డాయి.

ఆవిడ నా చేతిలోని కప్పు వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "ఎవ్వరూ ఏమీ కలపనప్పుడు నేను తినలేదు. కలిపినప్పుడు దణ్ణం పెట్టుకుని మరీ తాగాను. ఇందులో నాకు మతి లేనిది ఎప్పుడండీ?"

కప్పు బల్ల మీద పెట్టాను.

నా జవాబు కోసం ఆవిడ ఎదురు చూడలేదు. భర్త వైపు చెయ్యి చాపింది. ఆయన చొక్కా జేబులోంచి చిన్న మందు సీసా తీసి ఇచ్చాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి, మీద రాసింది చదివింది. విసిరేస్తుందని నేను సగం లేచాను. ఆవిడ దాన్ని మళ్ళీ ఆయన అరచేతిలోనే పెట్టి, ఆయన వేళ్ళు మూసింది.

"రేపట్నుంచి నా ఎదురుగా చెంచాలో పొయ్యండి, తాగుతాను. స్వామి పానకంలో మాత్రం కలపకండి" అంది.