పేరు పైకి చదవండి

ఓ నకిలీ హోటల్ బుకింగ్‌లో డబ్బు పోయాక, రెండేళ్లుగా ఏ ఊరెళ్లినా ఫోన్‌తో చెల్లించడం మానేశాను. జేబులో ఎంతుంటే అంతే ఖర్చు. బందరు దగ్గర మంగినపూడి బీచ్‌లో ఎండు రొయ్యలు అమ్ముతున్నావిడకి అదే చెప్పి, పావుకిలో చాలన్నాను.

"భయమైతే స్కాన్ చేసి, ఏం పేరొచ్చిందో పైకి చదవండి. అప్పుడే డబ్బులు కొట్టండి" అందావిడ.

ఇదేం పద్ధతో చూద్దామని స్కాన్ చేశాను. "నాగేశ్వరమ్మ" అని చదివాను.

"నేనేనండీ. ఓసారి ఎవరో నా స్టిక్కర్ మీద వాళ్లది అంటించి పోయారు. అప్పట్నుంచీ అందరిచేతా చదివిస్తన్నానండి."

"మా ఫోన్ తీసుకుని మీరే చూసుకోవచ్చుగా?"

"నాకు చదువు రాదు కదండీ!"

నాకు చదువొచ్చు. హోటల్‌కి డబ్బు పంపిన రోజు మాత్రం ఎవరి పేరొచ్చిందో చదవలేదు.

కిలో తూచమన్నాను.