తరాజులో కూర్చున్న పిల్లను ఎవరు చూశారు?

నా చిన్నప్పుడు నన్నెవరైనా ఒక మాట అంటే, అన్నవాళ్లు సాయంత్రానికి మరిచిపోయేవారు. నేను మాత్రం ఆ మాటను, అన్న చోటును, అప్పుడు వాళ్లు కట్టుకున్న బట్టలతో సహా దాచుకునేదాన్ని. డెబ్బై దాటినా ఆ గుణం పోలేదు, పోవాలని నేనూ అనుకోలేదు. అలాంటి నాకు నా జ్ఞాపకం మీదే అనుమానం పుట్టించినవాడు మా తాతయ్య ఒక్కడే. అది మేడారం బండి కదలబోతున్న పొద్దున జరిగింది.

మాది వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇల్లు. రెండేళ్లకోసారి జాతర వచ్చిందంటే మగ్గాలు ఆగిపోయేవి. జాతరలో కొలిచే తల్లులకు బెల్లమే బంగారం. మొక్కుకున్నవాళ్లను తరాజులో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క వాళ్ల బరువుకు సరిపడా బెల్లం పెట్టి, ఆ బెల్లాన్ని తల్లులు కొలువుండే గద్దెల దగ్గర సమర్పించేవారు. నా ఏడో ఏట, బెల్లం దుకాణంలో నన్నూ మా మేనత్త కూతురినీ అలాగే తూచారు.

ఆ రోజు అత్త చేసిన పని తెలియనివాళ్లు మా వాడలో లేరు, ఎందుకంటే అందరికీ నేనే చెప్పాను. నేను తరాజులో కూర్చున్నాను. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. జడ ఊడి ఎర్ర రిబ్బను వీపు మీదికి జారింది. వెనుక నిలబడ్డ అత్త నా బరువు చూసి పదిమందిలో పకపకా నవ్వింది. నవ్వి, నా వంతు బెల్లంలోంచి ఒక ముద్ద తీసి చడీచప్పుడు లేకుండా తన కూతురి వంతు బెల్లంలో పెట్టింది. నవ్విందంటే సరే అనుకోవచ్చు. తల్లులకు నేనివ్వాల్సిన బంగారం తక్కువైందే, దానికి ఎవరు జవాబు చెప్తారు? రెండేళ్లు అత్తతో మాట్లాడలేదు.

మళ్లీ జాతర వచ్చింది. ఎడ్లకు కొత్త గజ్జెలు కట్టారు. బండి మీద గుడారం, లోపల మెత్తగా గడ్డి, గడ్డి మీద మా ఇంట్లో నేసిన జంపఖానా. వీధంతా బండ్లే. డప్పుల మోతకు నా గుండె గంతులేస్తోంది. ఎగిరి బండిలో పడాలని ఉంది, కానీ అందులో అత్త కూర్చుని ఉంది. అత్త తప్పు ఒప్పుకుంటే తప్ప బండెక్కనని గడప మీద కూలబడ్డాను.

"నేను ముద్ద తీసుడేంది? పొల్ల కలగన్నదా ఏంది?" అంది అత్త.

"రాకుంటే ఉండనియ్యుండ్రి. పక్కింట్ల పండుకుంటది" అన్నాడు నాన్న, కాడి సర్దుతూ.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అయినా లేవలేదు. అప్పుడు తాతయ్య వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మల్లొక్కపారి చెప్పు బిడ్డా, ఒక్క ముచ్చట ఇడిశిపెట్టకుండ."

రెండేళ్లుగా చెప్పీచెప్పీ నున్నగా అయిన కథ. ఉత్సాహంగా అందుకున్నాను. రిబ్బను దగ్గరికి రాగానే తాతయ్య చేయెత్తాడు.

"రిబ్బను ఏడికి జారిందే?"

"వీపు మీదికి."

"ఇప్పుడు నీకు అగుపడుతున్నదా?"

"మంచిగ అగుపడుతున్నది తాతా. ఎర్రగ."

"నీ వీపు నీకెట్ల అగుపడ్డదే?"

కళ్లు మూసుకుని చూశాను. నిజమే! ఆ బొమ్మలో నేను మొత్తం కనిపిస్తున్నాను. దూరం నుంచి ఎవరో చూస్తున్నట్టు, కాళ్లూ జడా రిబ్బనూ అన్నీ. మరి చూస్తున్నది ఎవరు? నా వెనుక జరిగిన ముద్ద సంగతి కూడా అంతేనా?

"నూలు రవ్వంతనే దొరికింది బిడ్డా. కడమది చెప్పుకుంట చెప్పుకుంట నువ్వే నేసుకున్నవ్" అన్నాడు తాతయ్య.

కోపం రావాల్సింది. కానీ నాకు కొత్త ఆట దొరికినట్టయింది. దొడ్లోకి పరుగెత్తి, మూట కడుతున్న అమ్మను పట్టుకుని, "నీ పెండ్లి యాది చేసుకోవే, నీకు నువ్వు అగుపడుతున్నవా?" అని అడిగాను. అమ్మ మూట వదిలేసి, "అవునే! తల వంచుకోని పీట మీద కూసున్న" అంటూ నోరు తెరిచింది. నాన్న కాడి సర్దడం ఆపి తన చిన్నప్పటి ఈత జ్ఞాపకంలో తనను వెతుక్కున్నాడు. ఆ ఊపులో బండెక్కి అత్త భుజం కుదిపేశాను.

"అత్తా, నన్ను తూచిన నాడు యాది చేసుకో! నీకు నువ్వు అగుపడుతున్నవా?"

అత్త కళ్లు మూసుకుంది. "అగుపడుతున్న. పచ్చ చీర కట్టుకోని, చేతులు కట్టుకోని బుద్ధిగ నిలవడ్డ."

"అయితే నీదీ నేసిందే!" అని అరిచాను. అత్త కళ్లు తెరిచి, నన్ను చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే బండి కదిలింది. రెండేళ్ల తర్వాత అత్తతో మాట్లాడానన్న సంగతి నాకు ఊరు దాటాక గానీ తట్టలేదు. అత్త తప్పు ఒప్పుకోలేదు. నేనూ క్షమించలేదు.

మేడారంలో గద్దెల ముందు, ఆ తోపులాటలో, అత్త కొంగు ముడి విప్పి ఒక బెల్లం ముద్ద తీసింది. "తీసిన్నో తియ్యలేదో ఆ తల్లులకే ఎరుక. ఇది నీ పేరు మీద ఎయ్యి" అంది.

ఫిర్యాదులు ఇప్పటికీ చేస్తాను. కాకపోతే నిలదీయడానికి వెళ్లేముందు కళ్లు మూసుకుని ఆ సంఘటనలో నేనెక్కడున్నానో వెతుక్కుంటాను. పెడముఖం పెట్టుకుని నిలబడ్డ నేను నాకే కనిపిస్తే, ఆ పూటకు చెప్పులు విప్పేస్తాను. అలా ఎన్ని తగవులు ఇంట్లోనే ఆగిపోయాయో!

గద్దెల ముందటి ఆ క్షణాన్ని కూడా ఎన్నోసార్లు పరీక్షించాను. పసుపు అంటిన అత్త అరచేయి కనిపిస్తుంది. చెమటకు కరిగి వేళ్ల సందుల్లోంచి కారుతున్న బెల్లం కనిపిస్తుంది. ఎంత వెతికినా అందులో నేను కనిపించను.