బెల్లం గోడౌనుకు చేపల వల

ఆ రోజుల్లో, అంటే అనకాపల్లిలో ఒక బెల్లం గోడౌనులో నాకు మొదటి ఉద్యోగం దొరికిన కొత్తలో, నేను తలచుకుంటే కానిదేముందన్న ధీమా ఒకటి ఉండేది. దాన్ని మట్టిలో కలిపినవి పావురాలు. రేకుల కింద కాపురం పెట్టి, కింద పేర్చిన బెల్లం దిమ్మల మీద పొద్దస్తమానం రెట్టలు వేసేవి. (గోనెలు కప్పితే, అవి తీసేదాకా ఓపిగ్గా ఆగేవి.) "నెలాకరుకి పిట్టలు పోవాల. నేదా నువ్వు పోతావు," అన్నారు షావుకారు గారు. రాజయ్యపేటలో మా ఇంటి నుంచి సముద్రం మీదికి కాక ఉద్యోగానికి వెళ్ళిన మొదటివాణ్ణి నేను. ఏ మొహం పెట్టుకుని తిరిగి వెళ్ళను?

మందు పెట్టేద్దామనుకుంటే, అటవీశాఖలో పనిచేసే మా బావ ఫోనులోనే కసిరాడు. "సంపితే కేసవుద్ది బావా! గుడ్లున్న గూడు ముట్టుకోకు. పిల్లలెగిరిపోయేక దారి మూసెయ్, అంతే." రోజూ నిచ్చెనెక్కి చూసేవాణ్ణి. గూళ్ళలో పిల్లలు తాపీగా బలిశాయి, నేను దిగులుతో చిక్కిపోయాను.

నెలాఖరు రెండు రోజులుందనగా ఎగిరాయి. వల కావాలని మా మామకి చెప్పాను. "కొత్తదెందుకురా అల్లుడూ, నా పాత వల అట్టుకుపో. సేపలే తప్పించుకోనేదు, పావురాలేటి తప్పించుకుంతాయి?" కిటికీలకూ రేకుల సందులకూ బిగించేశాను. ఒక్క పావురం లోపలికొస్తే ఒట్టు! (బయట నాలుగు పిల్లులూ బోలెడు కాకులూ చేరాయి. నా విజయం చూడ్డానికొచ్చాయనుకున్నాను.)

మూడోరోజు, గుడి ప్రసాదానికి బెల్లం కొనే పెద్దాయన వచ్చి దిమ్మను వాసన చూసి, గబుక్కున కింద పెట్టేశాడు. "ఇది బెల్లవా, ఎండుసేపా షావుకారూ?" అందరూ నావైపు తిరిగారు. నిజం చెబుతున్నాను, నాకే వాసనా రాలేదు. పుట్టినప్పటి నుంచి నేను పీల్చిన గాలే అది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మధ్యాహ్నమే వల విప్పించారు, సాయంత్రానికి పావురాలు వచ్చేశాయి, మర్నాడు నేను రాజయ్యపేటలో బస్సు దిగాను.

మొన్న మా అపార్టుమెంటు బాల్కనీకి పావురాల వల కట్టించాను. కొత్త నైలాను వల. కట్టే మనిషి అటు తిరిగినప్పుడు, ఎందుకైనా మంచిదని ఒక కొస ముక్కుకు ఆనించుకున్నాను. ఏ వాసనా లేదు. ఇంత వయసొచ్చినవాణ్ణి, దాన్ని పట్టుకుని మామ వాసన కోసం ఇంకాసేపు వెతికాను.