రాక్షసుడి ఇంటిపేరు

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇరవై మూడేళ్ళ వయసులో మద్రాసు షోళింగనల్లూరులో మొదటి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఊళ్ళో పదహారేళ్ళ పిల్లలందరూ నా పుస్తకం కోసమే కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారని నాకు గట్టి నమ్మకం. మాది ఆటల పుస్తకాలు వేసే చిన్న ఆఫీసు. బల్ల చుట్టూ చేరి, ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవాళ్ళు తలా ఒక పాత్రయి మాట్లాడుతూ, పాచికలు వేస్తూ ఆడే ఆటలవి. నేను రాసినదాంట్లో అరవై పేజీల రాజవంశ చరిత్ర, నలభై పేజీల యుద్ధ నియమాలు ఉండేవి. (రాజుల అమ్మమ్మల పేర్లతో సహా. అవి ఎవరికి కావాలని నన్నెవరూ అడగలేదు, అడిగినా వినేవాణ్ణి కాదు.) మా ఎడిటరమ్మను అందరం చాటుగా కత్తెరక్క అనేవాళ్ళం. ఆవిడ ఆ కాగితాల కట్టను చేత్తో తూచి, "పిల్లోళ్ళు మూడు గంటలు లేవకుండా ఆడితే అచ్చుకి పంపిస్తా. లేదంటే దీన్నీ నిన్నూ కలిపి ఇంటికి పంపిస్తా" అంది.

ఆదివారం మధ్యాహ్నం తొండియార్‌పేటలో మా బాబాయి ఇంటికి వెళ్ళాను. చెల్లెలు, దాని క్లాసు పిల్లలిద్దరు చాప మీద కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని చరిత్ర చదవడం మొదలుపెట్టాను. రెండో రాజు పట్టాభిషేకం కాకుండానే చెల్లెలు ఆవలించి, "అన్నా, ఇదేమన్నా పరీక్షకొస్తుందా?" అంది. పేజీలు గబగబా తిప్పేసి, కోట వాకిట్లో ఎనిమిది చేతుల రాక్షసుణ్ణి నిలబెట్టాను. వాడి మీద నాకు చాలా ఆశ. ఒక్క వాడి దెబ్బలకే ఏడు పేజీలు ఖర్చుపెట్టాను మరి. "ఎవర్రా మీరు!" అని గర్జించి పాచికలు ముందుకు తోశాను.

పాచికలు ఎవరూ ముట్టుకోలేదు. "ఏమండీ, మీరు తెలుగోళ్ళా?" అని చెల్లెలు రాక్షసుణ్ణి అడిగింది. తరతరాలుగా మద్రాసులో ఉన్న మా ఇళ్ళల్లో ఇదొక జబ్బు. తెలుగు ముక్క చెవిన పడితే చాలు, ఎదుటి మనిషి ఇంటిపేరు, ఊరు కనుక్కుని ఏదో ఒక వరస కలిపేదాకా మాకు ఊపిరాడదు. "మీ ఇంటిపేరేంది?" అంది మళ్ళీ. నూరు పేజీల్లో ఎక్కడా రాక్షసుడికి ఇంటిపేరు పెట్టలేదు నేను. ఆ కంగారులో నోటికొచ్చింది ఒకటే, మాది. చెప్పేశాను.

"అయ్యయ్యో, మనోళ్ళే! పెదనాన్నవుతాడు" అంది చెల్లెలు.

"ఏ ఊరోళ్ళంట?" వంటింట్లోంచి పిన్ని కేక.

"ఇప్పుడు మీరు కొట్టాలి" అన్నాను.

"పెదనాన్ననా? ఛీ, పోన్నా!"

"పుస్తకంలో అట్లే ఉంది."

"అట్లైతే పుస్తకమే తప్పు. పావం, ఆయన ఎంతసేపట్నించి ఈడ నిలబడుండాడో! తిన్నాడా లేదా?"

ఇక పుస్తకం గతి చెప్పక్కర్లేదు. పెదనాన్నకు ముగ్గురు కూతుళ్ళనీ, చిన్నదాని చెవులు కుట్టే ఫంక్షన్‌కి రాజు లీవు ఇవ్వలేదనీ వాళ్ళే తేల్చారు. అప్పటిదాకా నోరు విప్పని కళ్ళజోడు పిల్ల రాక్షసుడి పెళ్ళామైపోయి, "ఎనిమిది చేతులుండి ఏం లాభం, ఇంట్లో ఒక్క చెంబు తీసి ఆడ పెట్టవు గదా!" అని నన్ను దులిపేసింది. రాజుని ఎట్లా ఏమార్చాలన్న దాని మీద ముగ్గురూ జుట్లు పట్టుకున్నంత పని చేశారు. పిన్ని లైటు వేస్తే గానీ ఐదు గంటలు గడిచాయని తెలియలేదు. వాళ్ళు పగలబడి నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. నా ఉద్యోగం నిలబడేలా ఆడారు, నా పుస్తకం జోలికి పోకుండా ఆడారు.

సోమవారం "ఐదు గంటలు ఆడారక్కా" అన్నాను. "ఏ పేజీ దాకా?" అంది కత్తెరక్క. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, నా అరవై పేజీల చరిత్రను కోసేసి, ఆ చోట గీతలు గీసిన ఖాళీ పేజీలు వేయించింది. ఒక్కో రాక్షసుడికీ ఇంటిపేరు, ఊరు, ఇంట్లో ఎవరెవరు, అన్నీ ఆడేవాళ్ళే రాసుకోవాలి. "నువ్వు నోరు మూస్తే గదరా వాళ్ళు మాట్లాడేది" అంది. నెల రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను.

మొన్న పుస్తకాల ప్రదర్శనలో ఒక అమ్మాయి అట్ట చిరిగిన ప్రతి పట్టుకొచ్చి సంతకం అడిగింది. తెరిచి చూస్తే ఖాళీగా ఒక్క పేజీ మిగల్లేదు. పెన్సిలుతో, తమిళంలో, తెలుగులో, అంచుల్లో, నేను రాసిన వాక్యాల మధ్య కూడా కిక్కిరిసి రాసుకున్నారు. వేలెడు చోటు కోసం ఇద్దరం వెతికాం. చివరికి ఆ పిల్లే జాలిపడి, "పరవాలేదు సార్, మీ పేరు అట్ట మీదుంది గదా, చాలు" అని పుస్తకం లాక్కుని వెళ్ళిపోయింది. ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడైతే అక్కడే కూలబడి ఏడ్చేవాడు. నేను పెన్ను మూత పెట్టుకుని, ఆ పిల్ల జనంలో కలిసిపోయేదాకా నవ్వుతూ చూస్తూ నిలబడ్డాను. (కొంచెం బాధేసింది, అబద్ధమెందుకు.)