కరపత్రాల వెనకవైపు

నా చిన్నప్పుడు, తెలంగాణ కోసం భూపాలపల్లిలో బొగ్గు బావులు కూడా సమ్మెలోకి దిగిన రోజుల్లో, బొగ్గు అందక మా వాడకు కరెంటు రోజుకు రెండు గంటలే వచ్చేది. నెట్ సెంటర్ మూతపడింది. పక్కింటి అక్కది ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. సమ్మె ముగియగానే కాలేజీలో తను రాసిన ప్రోగ్రాం చూపించాలి. లేకపోతే పట్టా రాదు, చేతికందిన ఉద్యోగమూ పోతుంది. వాళ్ల బాపు బావిలో కార్మికుడు. ఆయనా సమ్మెలోనే ఉన్నాడు.

అక్కకు ముందుచూపు ఎక్కువ. ఆ ప్రోగ్రామింగ్ భాష వివరాలన్నీ ఉన్న పుస్తకాన్ని ముందే సీడీలో తెచ్చుకుంది. నెట్ లేకున్నా వాళ్లింట్లోని కంప్యూటర్‌లో తెరుచుకునేది. కరెంటున్న మొదటి గంటలో కావలసిన పేజీలు చూసి సమ్మె కరపత్రాల వెనకవైపు రాసుకునేవాళ్లం. కరెంటు పోయాక వాటిని ముందేసుకుని అక్క కాగితం మీద ప్రోగ్రాం రాసేది, మర్నాడు రెండో గంటలో టైపు చేసేది. చూసి రాసే పని నాది. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని నాకు మహా గర్వం.

ఒకరోజు పేజీ చివరి ఉదాహరణ వదిలేశాను, పైన చెప్పిందే మళ్లీ ఎందుకని. కరెంటు పోయాక అక్క సరిగ్గా దానికోసమే వెతికింది. ఆ రోజంతా వృథా అయింది. తప్పు ఒప్పుకోవడానికి నోరు రాక, "మీ బాపు సమ్మె బంద్ వెడితే కరెంటొస్తది గద!" అనేశాను. తిరిగి చూస్తే ఆయన గడపలోనే నిలబడి ఉన్నాడు.

మర్నాడు కరెంటు రాగానే ఆయనే పెన్సిల్ పట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. ఇంగ్లీషు ముక్క రాని మనిషి, ఆ పేజీలోని ఒక్కో అక్షరాన్నీ బొమ్మ గీసినట్టు గీశాడు, చివరి ఉదాహరణ దాకా.

"బాయిల దిగినంక పైకొచ్చి అడుగుడు కుదరదు బిడ్డా," అన్నాడు నాతో. "కావల్సినయన్ని ఎంటవెట్టుకొనే దిగాలె. గిది అక్కరలేదని మనమే అనుకోవద్దు."

నేను కావాలనే వదిలేసిన సంగతి ఆయనకు తెలుసని అప్పుడర్థమైంది. సిగ్గుతో తల దించుకున్నాను. ఆయన అక్క వైపు తిరిగి మెల్లగా, "సమ్మె ఇడిశిపెట్టను బిడ్డా. గిదైతే జేస్త," అన్నాడు. అక్క కళ్లు తుడుచుకుని తర్వాతి పేజీ తెరిచింది.

అక్క గట్టెక్కింది. రాష్ట్రమూ వచ్చింది. తప్పయిందని మాత్రం ఆయనతో ఏనాడూ అనలేకపోయాను. ఆయన గీసిన కాగితాల్లో ఒకటి అడిగి తెచ్చుకుని దాచుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా, ఎవరికోసమైనా ఏదైనా చూసి రాస్తూ నాకు అర్థం కాని చోటికో, అక్కరలేదనిపించే చోటికో వస్తే, చెయ్యి నెమ్మదిస్తుంది. అక్కడ మాత్రం ఒక్క గీత కూడా వదలను.